దేనిలో పావు, దేని మీద పది శాతం: పిల్లలతో లెక్కలు చేయించే పద్ధతి

కూడికలు, తీసివేతలు తప్పుల్లేకుండా చేసే పిల్లలు కూడా వాక్యాల్లో లెక్క ఇవ్వగానే నోట్‌బుక్ పట్టుకుని వచ్చి ఒకటే అడుగుతారు: "అమ్మా, ఇది కూడాలా, తియ్యాలా?" మనం "తియ్యాలి" అంటాం. వాళ్లు తీసేస్తారు, జవాబు సరిపోతుంది. వారం తర్వాత పరీక్షలో అదే లెక్క అంకెలు మార్చి, వాక్యం కాస్త అటూ ఇటూ తిప్పి ఇస్తే మళ్లీ అక్కడే ఆగిపోతారు.

అయిదో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు పద సమస్యల్లో చేసే తప్పుల్ని ముందేసుకుని చూస్తే, చాలావాటికి మూలం ఒక్కచోటే కనిపిస్తుంది. లెక్కలో పావు అని ఉంటుంది, ఇరవై శాతం అని ఉంటుంది, 'ఆరు ఎక్కువ' అని ఉంటుంది. దేనిలో పావు, దేని మీద ఇరవై శాతం, ఎవరికన్నా ఆరు ఎక్కువ అని పిల్లవాడు అడగడు. పక్కన కంటికి కనబడిన అంకెకి దాన్ని తగిలించేస్తాడు. అందుకే ఇక్కడ భిన్నాలు, శాతాలు, లాభనష్టాలు, వడ్డీ, కొలతలు, పని–కాలం అన్నీ ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే చేద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి. ఊరికే చదువుకుంటూ పోతే అంతా తెలిసినట్టే ఉంటుంది.

పెన్ను పట్టుకునే ముందు

మొదటిసారి లెక్కని అంకెలు పలక్కుండా చదవమనండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ బాగా పనిచేస్తుంది. "ఒకాయన జీతంలో కొంత అద్దెకి పోయింది. మిగిలినదానిలో కొంత సరుకులకి పోయింది. చివరికి కొంత మిగిలింది. జీతం ఎంత?" అంకెలు తీసేశాక కథ మాత్రమే మిగులుతుంది, ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో తెలుస్తుంది. ఇది పిల్లవాడు తన మాటల్లో చెప్పలేకపోతే ఇంకా లెక్క మొదలుపెట్టే వేళ కాలేదని అర్థం.

రెండోసారి అంకెలతో చదివి, నోట్‌బుక్‌లో నాలుగు విషయాలు రాయించండి: అడిగింది ఏమిటి, ఇచ్చినవి ఏమిటి, ప్రతి భిన్నం పక్కనా ప్రతి శాతం పక్కనా 'దేనిలో', చివరగా జవాబు సుమారు ఎంత ఉండొచ్చు. అడిగింది ముందు రాయించమనడానికి కారణం ఉంది. లెక్కంతా సరిగ్గా చేసి, లాభం అడిగితే అమ్మినవెల దగ్గర ఆగిపోయే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

చాలాచోట్ల దీనికి బదులు ఒక అడ్డదారి నేర్పుతారు. 'మొత్తం' అని ఉంటే కూడు, 'మిగిలిన' అని ఉంటే తీసెయ్యి, 'ఎక్కువ' అంటే కూడు, 'చొప్పున' అంటే గుణించు. మూడో తరగతిలో ఇది గట్టెక్కిస్తుంది, అక్కడితో సరి. ఈ లెక్క చూడండి:

రవి దగ్గర 24 గోలీలు ఉన్నాయి. ఇవి సీత దగ్గర ఉన్నవాటికన్నా 6 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?

'ఎక్కువ' కనబడగానే కూడేసేవాళ్లు 30 అంటారు. ఇప్పుడు అడగండి: ఎవరికి ఎక్కువ? రవికి. ఎవరికన్నా? సీతకన్నా. అయితే సీతకి తక్కువ ఉండాలి కదా. 24 – 6 = 18. సరి చూడటం కూడా అప్పుడే చేయించండి: 18కి 6 కలిపితే 24, రవి దగ్గర ఉన్నవి అంతే. ఆ జాబితా బట్టీ పట్టిన పిల్లవాడికి ఈ లెక్క మోసంలా కనిపిస్తుంది. వాక్యం చదివిన వాడికి అందులో మోసమేమీ లేదు.

భిన్నాలు: మొత్తంలోనా, మిగిలినదానిలోనా

అద్దె లెక్కనే అంకెలతో చేద్దాం.

ఒకాయన తన జీతంలో పావు వంతు అద్దెకి ఇచ్చాడు. మిగిలినదానిలో మూడో వంతు సరుకులకి ఖర్చుపెట్టాడు. ఇంకా 14,000 రూపాయలు మిగిలాయి. జీతం ఎంత?

పిల్లలు మామూలుగా ఇలా చేస్తారు: 1/4 + 1/3 = 7/12. మిగిలింది 5/12. అది 14,000 కాబట్టి మొత్తం 14,000 × 12/5 = 33,600. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) సరిగ్గా కట్టారు, కూడిక తప్పులేదు, గుణకారం తప్పులేదు. జవాబు మాత్రం తప్పు. పావు జీతంలోది, మూడో వంతు మిగిలినదానిలోది. వేర్వేరు వాటిలో భాగాల్ని నేరుగా కూడకూడదు.

ఇప్పుడు బొమ్మతో చెయ్యండి.

1. ఒక పొడుగు పట్టీ గీయండి. అదే జీతం. దాన్ని నాలుగు సమాన గళ్లు చెయ్యండి.

2. ఒక గడి అద్దెకి. దాన్ని కొట్టేయండి. మూడు గళ్లు మిగిలాయి.

3. మూడో వంతు దేనిలో? ఈ మూడు గళ్లలో. అంటే ఒక గడి. దాన్నీ కొట్టేయండి.

4. రెండు గళ్లు మిగిలాయి. అవే 14,000. ఒక గడి 7,000.

5. నాలుగు గళ్లూ కలిపితే 28,000.

సరి చూద్దాం: 28,000లో పావు 7,000. మిగిలింది 21,000. అందులో మూడో వంతు 7,000. మిగిలింది 14,000. సరిపోయింది. పిల్లవాడి 33,600 కూడా ఇలాగే సరి చూడమనండి: అద్దె 8,400, మిగిలింది 25,200, అందులో మూడో వంతు 8,400, చివరికి 16,800 మిగలాలి. లెక్కలో 14,000 అన్నాడు. తప్పని మనం చెప్పక్కర్లేదు, వాడికే తెలుస్తుంది. జవాబుని వెనక్కి తీసుకెళ్లి కథలో పెట్టి చూడటం రెండు నిమిషాల పని. చివరి పేజీలో జవాబు చూసుకోవడం కన్నా అది నయం.

అన్ని లెక్కల్లోనూ 'మిగిలినదానిలో' ఉండదు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో తుమ్మెదల లెక్క ఒకటుంది. ఒక తుమ్మెదల గుంపులో ఐదో వంతు కడిమి చెట్టు మీద వాలింది, మూడో వంతు ఇంకో పూలచెట్టు మీద వాలింది, ఈ రెండింటి తేడాకి మూడు రెట్లు కొండమల్లె వైపు పోయాయి. ఒక్క తుమ్మెద మాత్రం గాల్లో తిరుగుతోంది. మొత్తం ఎన్ని? ఇక్కడ ఐదో వంతూ, మూడో వంతూ రెండూ మొత్తం గుంపులోవే. కాబట్టి ఒకే పట్టీ మీద రెండూ గుర్తుపెట్టాలి. అయిదుకీ మూడుకీ క.సా.గు. 15. పట్టీని 15 గళ్లు చేస్తే ఐదో వంతు 3 గళ్లు, మూడో వంతు 5 గళ్లు. తేడా 2, దానికి మూడు రెట్లు 6. అన్నీ కలిపితే 14 గళ్లు. మిగిలిన ఒక్క గడిలో ఒక్క తుమ్మెద. మొత్తం 15. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందటి లెక్క ఆరో తరగతి పిల్లవాడి పట్టీలో ఇమిడిపోయింది. దీన్ని జీతం లెక్క తర్వాత వెంటనే చేయిస్తే 'మొత్తంలో', 'మిగిలినదానిలో' అన్న తేడా బాగా పడుతుంది.

భిన్నాల కూడికలో ఇంకో పాత తప్పు ఉంది. పైనున్న లవాల్ని లవాలతో, కిందున్న హారాల్ని హారాలతో కూడేయడం: 1/2 + 1/4 = 2/6. దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. "అర కిలో కందిపప్పు, పావు కిలో కందిపప్పు కలిపితే ఎంత?" అనండి. ముప్పావు అంటాడు. "2/6 అంటే?" మూడో వంతు. అర కిలోకి ఇంకొంచెం కలిపితే అర కన్నా తగ్గిపోయిందేమిటి? అప్పుడు పట్టీ గీసి, అరని రెండు పావులుగా కోసి చూపించండి. హారాలు ఒకటి చెయ్యడం అంటే ఆ కోయడమే.

భిన్నంతో భాగించేటప్పుడు 'తిరగేసి గుణించు' అని నేర్పుతాం, ఎందుకో చెప్పం. కారణం కిరాణా కొట్లోనే దొరుకుతుంది. ముప్పావు కిలో 90 రూపాయలైతే కిలో ఎంత? ముప్పావులో మూడు పావులున్నాయి. ఒక పావు ధర కావాలంటే 90ని మూడుతో భాగించాలి: 30. కిలోకి నాలుగు పావులు, కాబట్టి నాలుగుతో గుణించాలి: 120. అంటే మూడుతో భాగించి నాలుగుతో గుణించాం. 90 ÷ 3/4 అన్నా 90 × 4/3 అన్నా అదే. సూత్రం ముందు చెప్పి తర్వాత కొట్టుకి పంపడం కన్నా, ముందు కొట్లో లెక్క చేయించి తర్వాత సూత్రం చూపించడం నాకు మెరుగనిపిస్తుంది.

శాతాలు: ఏది నూరు?

శాతం లెక్కల్లో 'దేనిలో' అన్న ప్రశ్న కాస్త రూపం మార్చుకుంటుంది. ఏదో ఒకటి 100 అవుతుంది. అదేదో ముందు తేల్చాలి. దాని కింద గీత గీయించి, మీద 100 అని రాయించండి.

దానికన్నా ముందు నోటిలెక్క కొంత అలవాటు కావాలి. పది శాతం అంటే పదో వంతు. అది వస్తే మిగతావి దాన్నుంచే కట్టొచ్చు. 640లో 15 శాతం కావాలా? పది శాతం 64, అయిదు శాతం అందులో సగం 32, రెండూ కలిపి 96. ఎనిమిది వందల బిల్లులో రెండున్నర శాతం? పది శాతం 80, అయిదు శాతం 40, రెండున్నర 20. ఇరవై అయిదు శాతం అంటే పావు, యాభై శాతం అంటే అర, ఇరవై శాతం అంటే అయిదో వంతు. ఇవి ఎక్కాల్లాగే నోటికి రావాలి. కాలిక్యులేటర్ చేతిలో ఉన్నా అంచనా వేయడానికి ఇవే ఆధారం.

ఇప్పుడు అసలు సంగతి. 1,000 రూపాయల వస్తువు ధర 20 శాతం పెరిగింది. తర్వాత 20 శాతం తగ్గింది. ఇప్పుడెంత? చాలామంది పెద్దవాళ్లు కూడా వెయ్యే అంటారు. పెరిగేటప్పుడు నూరు అయినది 1,000. అందులో 20 శాతం 200. ధర 1,200. తగ్గేటప్పుడు నూరు మారిపోయింది, ఇప్పుడు నూరు అయినది 1,200. అందులో 20 శాతం 240. చివరి ధర 960. పెరిగినదీ తగ్గినదీ ఇరవయ్యే, కానీ ఒకే దాని మీద కాదు.

ఇదే లెక్కని తిప్పి చూస్తే ఆషాఢం డిస్కౌంట్లు అర్థమవుతాయి. నూరు రూపాయల చీర మీద ధర 25 శాతం పెంచి చీటీ మార్చి, దాని మీద 20 శాతం తగ్గింపు అని బోర్డు పెడితే ఎంతకి అమ్మినట్టు? 100 కాస్తా 125 అయింది. 125లో 20 శాతం 25. మళ్లీ 100. ఒక్క పైసా తగ్గలేదు. అన్ని కొట్లూ ఇలాగే చేస్తాయని నేననను. ఏడో తరగతి పిల్లలకి మాత్రం ఈ లెక్క చెబితే తర్వాతి నెల బజారుకి వాళ్లే మనల్ని లాక్కెళ్తారు.

వెనక్కి వెళ్లాల్సిన లెక్కల్లో తప్పులు ఇంకా ఎక్కువ.

20 శాతం తగ్గింపు పోను ఒక చొక్కా 1,440 రూపాయలకి కొన్నాం. అసలు ధర ఎంత?

తప్పు దారి: 1,440లో 20 శాతం 288, కలిపితే 1,728. ఇరవై శాతం దేని మీద తగ్గించారు? చీటీ మీద ఉన్న ధర మీద. కాబట్టి ఆ ధరే 100. మనం కట్టింది 80. ఇక దారి తెలిసిపోయింది:

80 భాగాలు = 1,440

1 భాగం = 1,440 ÷ 80 = 18

100 భాగాలు = 1,800

సరి చూడండి: 1,800లో 20 శాతం 360. తీసేస్తే 1,440. అదే 1,728ని సరి చూస్తే 20 శాతం 345.60, తీసేస్తే 1,382.40 వస్తుంది. కట్టింది అది కాదు.

జీఎస్టీ కలిపిన బిల్లు కూడా ఇంతే. 18 శాతం పన్నుతో కలిపి బిల్లు 590 అయితే పన్నుకి ముందు ధర ఎంత? పన్ను వేసింది ముందు ధర మీద. అది 100, బిల్లు 118. 590 ÷ 118 = 5. కాబట్టి ధర 500, పన్ను 90. బిల్లు మొత్తం మీద 18 శాతం కట్టి తీసేస్తే 483.80 వస్తుంది. ఆ 483.80 మీద 18 శాతం వేస్తే 590 రాదు.

మార్కుల లెక్కలో నూరు ఎక్కడుందో వెతుక్కోవాలి: పాసవ్వడానికి 40 శాతం రావాలి. ఒక అబ్బాయికి 178 మార్కులొచ్చి, 22 మార్కులు తక్కువై తప్పాడు. పరీక్ష ఎన్ని మార్కులకి? పాసు మార్కులు 178 + 22 = 200. ఈ 200 దేనిలో 40 శాతం? మొత్తం మార్కుల్లో. 40 భాగాలు 200 అయితే ఒక భాగం 5, నూరు భాగాలు 500. ఇందులో కష్టమేమీ లేదు. పిల్లలు తడబడేది 178ని 40 శాతం అనుకుని మొదలుపెట్టడం వల్లే.

లాభనష్టాలు

లాభ శాతం, నష్ట శాతం ఎప్పుడూ కొన్నవెల మీదే కడతామని బడిలో నియమం. తగ్గింపు శాతం మాత్రం ప్రకటించిన వెల, అంటే చీటీ మీద ధర మీద. ఈ రెండు ముక్కలూ పేజీ పైన రాసిపెట్టుకుంటే అధ్యాయంలో సగం అయిపోయినట్టే.

అయితే వ్యాపారం చేసే ఇంట్లో పిల్లలకి ఒక చిక్కు వస్తుంది. 80 రూపాయలకి కొని 100కి అమ్మితే బడిలో 25 శాతం లాభం అంటారు (80 మీద 20). కొట్లో నాన్న 20 శాతం మార్జిన్ అంటాడు (100 మీద 20). ఇద్దరూ సరైన మాటే చెబుతున్నారు, చెరొక దాన్ని నూరు చేసుకున్నారు. పరీక్షలో బడి మాటే రాయాలి.

ఒక పాత లెక్క. ఒక రైతు రెండు మేకల్ని ఒక్కోటి 9,900 రూపాయలకి అమ్మాడు. ఒకదాని మీద 10 శాతం లాభం, ఇంకోదాని మీద 10 శాతం నష్టం. మొత్తం మీద లాభమా, నష్టమా?

లాభానికీ నష్టానికీ చెల్లు అనిపిస్తుంది. అంచనా రాసుకోమంటే అందరూ సున్నా రాస్తారు, రాయనివ్వండి. తర్వాత కట్టించండి. మొదటి మేక: కొన్నవెల 100 అయితే అమ్మినవెల 110. 9,900 ÷ 110 = 90, కాబట్టి కొన్నవెల 9,000. రెండో మేక: కొన్నవెల 100, అమ్మినవెల 90. 9,900 ÷ 90 = 110, కొన్నవెల 11,000. రెండూ కొన్నది 20,000కి, అమ్మింది 19,800కి. నష్టం 200. పది శాతం లాభం చిన్న వెల మీద వచ్చింది, పది శాతం నష్టం పెద్ద వెల మీద పోయింది. ధర ఎంతైనా సరే, ఒకే వెలకి అమ్మి ఇలా పదీ పదీ లాభనష్టాలు వస్తే నష్టం ఒక శాతమే ఉంటుంది. కావాలంటే వేరే అంకె తీసుకుని చూడండి.

వడ్డీ: నెలకా, ఏడాదికా

పుస్తకంలో బారువడ్డీ సూత్రం ఇలా ఉంటుంది: అసలు × కాలం × రేటు ÷ 100. అక్కడ రేటు ఏడాదికి. ఊళ్లో మాట వేరు. "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. "రూపాయి వడ్డీ" అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయల వడ్డీ అంటే రెండు శాతమేగా అనుకుని బ్యాంకు రేటుతో పోల్చేవాళ్లు పెద్దవాళ్లలోనూ ఉన్నారు. అలాంటివాళ్లు ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టేముందు ఈ ఒక్క పేరా చదివితే బాగుండును.

40,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే ఏడాది మూడు నెలలకి వడ్డీ ఎంత?

ఊరి దారి: 15 నెలలు. నూటికి నెలకి 2 చొప్పున 15 నెలలకి 30. నలభై వేలలో 400 వందలు. 400 × 30 = 12,000.

పుస్తకం దారి: రేటు 24, కాలం ఒకటింబావు సంవత్సరం, అంటే 5/4. 40,000 × 24 × 5/4 ÷ 100 = 12,000.

రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చింది. పిల్లలతో రెండూ చేయించండి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, రేటు ఏడాదికి పెట్టి కాలం నెలల్లో పెట్టినప్పుడు. 24తో 15ని గుణిస్తే వడ్డీ లక్షా నలభై నాలుగు వేలు వస్తుంది. నలభై వేల అప్పుకి ఏడాది మూడు నెలల్లో అంత వడ్డీ ఉంటుందా అని ఆగి అడిగితే చాలు.

చక్రవడ్డీలో 'దేని మీద' ఏటేటా మారుతుంది. 10,000 మీద 10 శాతం, రెండేళ్లు. బారువడ్డీ అయితే ఏటా వెయ్యి, రెండు వేలు. చక్రవడ్డీ అయితే రెండో ఏడు వడ్డీ 11,000 మీద పడుతుంది: 1,100. మొత్తం 2,100. ఆ ఎక్కువ వచ్చిన నూరు ఎక్కడిది? మొదటి ఏడాది వడ్డీ వెయ్యి మీద పది శాతం. పెద్ద సూత్రంలోకి వెళ్లేముందు మూడేళ్ల దాకా ఇలా ఏడాది ఏడాదికీ చేత్తో కట్టించండి. మూడో ఏడు 12,100 మీద 1,210.

2-15 అంటే ఎంత?

దశాంశాల అధ్యాయంలో ఇచ్చే లెక్కల కన్నా ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం మంచి పాఠం. ఆంధ్రలో భూమి ఎకరాలు, సెంట్లలో చెబుతారు. ఎకరానికి 100 సెంట్లు. తెలంగాణలో ఎకరాలు, గుంటలు. ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 121 చదరపు గజాలు, సెంటు అంటే 48.4 చదరపు గజాలు. ఎటు నుంచి కట్టినా ఎకరం 4,840 చదరపు గజాలే.

పాసుపుస్తకంలో 2-15 అని ఉంది, అంటే రెండెకరాల పదిహేను. ఎకరం ఎనిమిది లక్షలు. ధర ఎంత?

పదిహేను దేనిలో? సెంట్లయితే నూటిలో పదిహేను. 2.15 ఎకరాలు, ధర 17,20,000. గుంటలైతే నలభైలో పదిహేను. 15 ÷ 40 = 0.375, కాబట్టి 2.375 ఎకరాలు, ధర 19,00,000. కాగితం మీద అదే పదిహేను, తేడా లక్షా ఎనభై వేలు.

గంటలూ ఇంతే. గంటా పదిహేను నిమిషాలని 1.15 గంటలని రాసే పిల్లలు చాలామంది. నిమిషాలు అరవైలో. 15/60 అంటే పావు, 1.25 గంటలు. గంటకి 60 కిలోమీటర్లు వెళ్లే బస్సు ఆ సమయంలో 75 కిలోమీటర్లు వెళ్తుంది, 69 కాదు.

పని, కాలం

ఈ అధ్యాయంలో ఏకవస్తు పద్ధతి (ముందు ఒక్కదానికి ఎంతో కట్టి, దాన్నుంచి మిగతావి కట్టడం) గుడ్డిగా వాడితే దెబ్బతింటారు. ఆరుగురు కూలీలు ఒక చేలో కలుపు 10 రోజుల్లో తీస్తే, నలుగురు ఎన్ని రోజుల్లో తీస్తారు? ఒక్కరికి 10 ÷ 6 అని మొదలుపెట్టేవాణ్ని ఆపి, "మనుషులు తగ్గితే రోజులు పెరుగుతాయా, తగ్గుతాయా?" అని అడగండి. ఆ తర్వాత పని మొత్తం ఎంతో కట్టించండి: ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒక కూలీ అనుకుంటే, ఆరుగురు పది రోజులు అంటే 60 కూలీలు పడ్డాయి. ఈ 60 మారదు. నలుగురైతే 60 ÷ 4 = 15 రోజులు.

ఒకరు 6 రోజుల్లో, ఇంకొకరు 3 రోజుల్లో చేసే పనిని కలిసి చేస్తే? సగటు తీసి నాలుగున్నర అంటారు. మూడు రోజుల్లో ఒక్కడే చేసేవాడికి ఇంకో మనిషి సాయం వస్తే పని ఆలస్యమవుతుందా? జవాబు మూడు కన్నా తక్కువే ఉండాలి, అది ముందే రాసుకోవాలి. రోజుకి ఒకరు పనిలో ఆరో వంతు, ఇంకొకరు మూడో వంతు. రెండూ ఒకే పనిలో భాగాలు కాబట్టి కూడొచ్చు: 1/6 + 2/6 = 3/6, అంటే సగం. రోజుకి సగం పని, రెండు రోజుల్లో పూర్తి.

ఇంట్లో చేయించేటప్పుడు

రోజూ ఇరవై లెక్కలు వద్దు. మూడు చాలు, కానీ మూడూ వేర్వేరు అధ్యాయాల్లోంచి ఇవ్వండి. ఒకే అభ్యాసంలో పది లెక్కలిస్తే మూడోదాని నుంచి వాడు చదవడం మానేసి పైదాన్ని చూసి దింపుతాడు. తప్పు వచ్చినప్పుడు వెంటనే చెరిపించకండి, తప్పు జవాబుని కథలో పెట్టి సరి చూడమనండి. ఎక్కడ విరిగిందో వాడే పట్టుకుంటాడు. ఎక్కాలు రాకపోతే అది వేరే వేళలో, నోటితో చెప్పించండి; లెక్క మధ్యలో ఏడు ఎనిమిదులు ఎంత అని గద్దిస్తే కథ తెగిపోతుంది.

మొదలుపెట్టడానికి కొన్ని:

బస్తాలో బియ్యం ఐదో వంతు మొదటి వారం అయిపోయింది, మిగిలినదానిలో పావు వంతు రెండో వారం అయిపోయింది, 15 కిలోలు మిగిలాయి. బస్తాలో ఎంత ఉండేది?

30 శాతం తగ్గింపు పోను చెప్పులు 1,190 రూపాయలకి వచ్చాయి. చీటీ మీద ధర ఎంత?

రూపాయిన్నర వడ్డీకి 60,000 తెచ్చుకుంటే ఎనిమిది నెలలకి వడ్డీ ఎంత?

ముగ్గురు 8 రోజుల్లో తవ్వే కాలువ పని మొదలై 2 రోజులయ్యాక ఇంకో ముగ్గురు వచ్చి కలిశారు. అక్కడి నుంచి ఇంకెన్ని రోజులు?

పెట్రోలు ధర 25 శాతం పెరిగింది. నెల ఖర్చు పెరగకూడదంటే వాడకం ఎంత శాతం తగ్గించాలి?

జవాబులు వరసగా 25 కిలోలు, 1,700 రూపాయలు, 7,200 రూపాయలు, 3 రోజులు, 20 శాతం. చివరిదానికి 25 అని రాస్తే, పాత ధర 100 పెట్టి కట్టించండి: కొత్త ధర 125, చేతిలో డబ్బు 100. ఇదివరకు లీటరు కొన్న డబ్బుకి ఇప్పుడు వచ్చేది 100/125, అంటే ఐదింట నాలుగు వంతులు. తగ్గింది ఐదో వంతు.